ఐర్లాండ్ సైన్యానికీ ఐఆర్ఏకీ ఐరిష్‌లో ఒకే పేరు ఎందుకు?

అవును, మీరు గమనించింది నిజమే, ప్రభుత్వ సైన్యమూ, బ్రిటిష్ పాలన మీద ఆయుధాలతో పోరాడిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) కూడా, రెండూ "ఓగ్లీ న హేరన్" (ఐర్లాండ్ వాలంటీర్లు) అనే చెప్పుకుంటాయి. డబ్లిన్‌కి వచ్చిన కొత్తలో నేనూ తికమకపడ్డాను. ఈస్టర్ ఆదివారం జీపీఓ (డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయం) ముందు, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు స్మారక కార్యక్రమం జరుగుతుంది. అక్కడ నిలబడిన సైనికుల టోపీ బ్యాడ్జి మీద ఈ మాటే ఉంటుంది. ఐఆర్ఏ వాళ్ల స్మారక ఫలకాల మీద పేర్ల ముందు కూడా "ఓగ్లఖ్" కనిపిస్తుంది.

ఓగ్లఖ్ ఏకవచనం, ఓగ్లీ బహువచనం. "ఓగ్" అంటే పడుచు వయసు. పాత ఐరిష్‌లో ఈ మాటకు యువకుడు, యోధుడు, దొర వెంట ఉండే అనుచరుడు అని అర్థాలున్నాయి. మన "బంటు" లాంటిదే: సేవకుడూ అతనే, యుద్ధం చేసేవాడూ అతనే. స్వచ్ఛందం అనే భావం అందులో మొదట లేదు, అది తర్వాత అంటుకున్నదే.

ఎలాగంటే, 1913 జనవరిలో ఉత్తరాన యూనియనిస్టులు (బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు) అల్స్టర్ వాలంటీర్ ఫోర్స్ పెట్టారు. దానికి జవాబుగా అదే ఏడాది నవంబర్ 25న డబ్లిన్ రొటుండాలో ఐరిష్ వాలంటీర్స్ (ఐరిష్‌లో ఓగ్లీ న హేరన్) పుట్టింది. నాయకుడు ఓయిన్ మక్‌నీల్ స్వతహాగా ప్రాచీన ఐరిష్ చరిత్ర పండితుడు. అలాంటాయన నడిపిన దళానికి పాత యోధుల మాట పేరుగా కుదరడంలో నాకైతే ఆశ్చర్యం లేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం విషయంలో సంస్థ చీలింది. ఎక్కువ మంది, యుద్ధంలో బ్రిటన్‌కు సాయపడాలన్న ఐరిష్ జాతీయవాద నేత రెడ్మండ్ వెంట వెళ్లారు. పేరు మాత్రం మక్‌నీల్ వైపు మిగిలిన చిన్న వర్గానికి దక్కింది. 1916లో తిరగబడినవాళ్లలో ఎక్కువ మంది వీళ్లే. 1919 తర్వాత వీళ్లనే ఇంగ్లీషులో ఐఆర్ఏ అన్నారు, ఐరిష్ పేరు మారలేదు.

అసలు గొడవ 1922లో. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్లు ప్రభుత్వ సైన్యమయ్యారు, ఒప్పుకోనివాళ్లు ఐఆర్ఏగా మిగిలారు. పాత పేరుకు వారసులం మేమంటే మేమని ఇద్దరూ పట్టుబట్టారు. 1918లో వాలంటీర్ల పత్రికగా మొదలైన "అన్ టోగ్లఖ్" ఆ తర్వాత సైన్యం పత్రికగా నడిచింది. చట్టం సంగతైతే సూటిగా ఉంది: రాజ్యాంగం 15.6 అధికరణ ప్రకారం సైన్యాన్ని పెట్టే హక్కు పార్లమెంటుది మాత్రమే.

వాడుకలో ఒక తేడా ఉంది. ఐఆర్ఏలో సభ్యుడు ఎవరైనా "వాలంటీర్". ప్రభుత్వ సైన్యంలో మామూలు జవానును ఓగ్లఖ్ అనరు, దానికి వేరే మాట ఉంది. ఇంకోటి, ఛారిటీలో సాయం చేసే వాలంటీర్‌ని ఇక్కడ "ఒబ్రీ డ్యోనఖ్" అంటారు. సీవీలో ఐరిష్ మాట రాయాలని సరదా పుడితే ఇదే రాయండి, ఓగ్లఖ్ అని మాత్రం రాయకండి.