ఎండలో పూసిన సీలెంట్ చారలు కట్టింది, ఏం చేయాలి?

కడిగి సీలెంట్ (పెయింట్‌ను కాపాడే పూత) పూశాక నల్ల కారు బానెట్ మీద తెల్లటి చారలు పడ్డాయని, ఎంత తుడిచినా పోవడం లేదని రాశారు. టెన్షన్ పడకండి, పెయింట్‌కేమీ కాలేదు. పదకొండు గంటల ఎండలో పూశానన్నారు కదా, అదే అసలు కారణం. రేకు వేడిగా ఉంటే సీలెంట్‌లోని సాల్వెంట్ (దాన్ని పల్చగా ఉంచే ద్రవం) చప్పున ఆవిరైపోయి, మిగిలింది గట్టిపడి అతుక్కుంటుంది. పైగా మీరు మందంగానే పట్టించినట్టున్నారు.

గట్టిగా రుద్దకండి, నల్ల రంగు మీద గీతలు ఇట్టే కనిపిస్తాయి. సాయంత్రం రేకు చల్లబడ్డాక అదే సీలెంట్ చారల మీద పల్చగా పూసి, ఆరనివ్వకుండా వెంటనే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. కొత్త పూతలోని సాల్వెంట్ పాతదాన్ని మెత్తబరుస్తుంది. నా కారుకీ ఇదే గతి పడితే ఇలాగే వదిలింది. అప్పటికీ మొండికేస్తే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి తుడిచేసి మళ్లీ మొదటి నుంచి పూయాలి.

అవి చారలు కాక గుండ్రటి మచ్చలైతే మాత్రం లెక్క వేరు. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకుండా వదిలేస్తే పడే ఉప్పు మరకలవి. తెల్ల వెనిగర్‌లో సమంగా నీళ్లు కలిపి అద్ది, ఒక నిమిషంలో కడిగేయండి. అక్కడ సీలెంట్ కూడా పోవచ్చు కాబట్టి మళ్లీ పూయడం మంచిది.

ఈసారి నీడలో పూయండి. బానెట్ మొత్తానికి రూపాయి బిళ్లంత చాలు. వేలితో గీస్తే జిడ్డుగా సాగకుండా పొడిగా వచ్చినప్పుడు తుడవాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు ముందే మాస్కింగ్ టేప్ అంటించండి, వాటి మీద పడితే వదిలించడం నరకం. ఆ రాత్రికి కారు తడవకుండా చూసుకోండి.