గని పక్కన మా బావి ఎందుకు ఎండుతోంది? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మాది భూపాలపల్లి దగ్గర పల్లె. ఓపెన్ కాస్ట్ (పైనుంచి తవ్వే బొగ్గు గని) వచ్చిన తర్వాత మా వ్యవసాయ బావిలో నీళ్లు ఏటేటా దిగిపోతున్నాయి. ఆఫీసులో అడిగితే వానలు పడలేదు, ఊళ్లో బోర్లు ఎక్కువయ్యాయి అంటున్నారు. ఓబీ గుట్టల (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల గుట్టల) మీది మట్టి కూడా మా కుంటలోకే కొట్టుకొస్తోంది. మేమేం చెయ్యాలి?
- ఒక రైతు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా

జవాబు: ముందు మీ నేల సంగతి. హనుమకొండ, వరంగల్ వైపు కింద ఎక్కువగా గట్టి రాయి, నీళ్లు పై పొరలోనూ పగుళ్లలోనూ కొద్దికొద్దిగా ఉంటాయి. మీ వైపు గోదావరి లోయలో బొగ్గు ఉన్నదే ఇసుకరాయి పొరల మధ్య, ఆ రాయి నీళ్లను బాగా పట్టి ఉంచుతుంది, బాగా పారనిస్తుంది కూడా. గని నీటిమట్టం కంటే కిందికి పోయాక పంపులతో తోడిపోయకపోతే పని సాగదు, తోడినకొద్దీ చుట్టుపక్కల నీళ్లు ఆ గుంతవైపు జారతాయి. దగ్గరి బావులు ముందు దెబ్బతింటాయి. కాబట్టి మీ అనుమానం గాలిమాట కాదు. అయితే వాన తగ్గినా, బోర్లు పెరిగినా కూడా మట్టం దిగుతుంది, అది కూడా నిజమే. దేని వాటా ఎంతో తేల్చేవి కొలతలే. గని వాళ్లు తమ లెక్కలు తెచ్చి చూపిస్తారు, మీ చేతిలో ఏమీ ఉండదు. నా బాధంతా అదే.

అందుకని ఈ వారమే మొదలుపెట్టండి. బావి గట్టు మీద పెయింట్‌తో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడు కొలిచినా అక్కడి నుంచే టేపు వదలండి. పొద్దున్నే, మోటరు వెయ్యకముందే కొలవాలి, లేకపోతే మీ మోటరు దించిన మట్టాన్ని గని ఖాతాలో రాశారంటారు, ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉండదు. తేదీ, లోతు, ఆ నెల వాన ఎంతో నోటుబుక్కులో రాసి పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. గని దగ్గరి రెండు మూడు బావులతోపాటు దూరంగా, అదే రకం నేలలో ఉన్న బావి ఒకటి తప్పకుండా కొలవాలి. ఒకే వాన పడి, అక్కడ మట్టం నిలిచి మీ దగ్గరే దిగితే వాన మీదికి నెట్టడం కష్టం.

బొగ్గు గనుల పర్యావరణ అనుమతి పత్రాల్లో సాధారణంగా మే, ఆగస్టు, నవంబర్, జనవరిలో భూగర్భ జలమట్టం కొలవాలన్న షరతు ఉంటుంది, బావులు దెబ్బతింటే కంపెనీయే నీళ్లివ్వాలని కూడా చాలావాటిలో రాసి ఉంటుంది. మీ గని పత్రం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకండి. షరతుల అమలుపై కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అంకెల పక్కన మీ అంకెలు పెట్టుకుని సోమవారం ప్రజావాణికి వెళ్లండి. ఇంకో మాట, జిల్లా మినరల్ ఫౌండేషన్ (గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం గనుల వాళ్ల నుంచి వసూలు చేసే డబ్బు) నిధులతో ట్యాంకు కట్టిస్తాం అంటే కట్టించుకోండి, కానీ కంపెనీ బాధ్యత దాంతో తీరిపోయిందని ఎక్కడా సంతకం పెట్టకండి.

ఇక మట్టి. గుట్ట చుట్టూ కాలువ, అడుగున రాతిగోడ, ఆ కాలువ నీళ్లు నిలిచి తేరుకోవడానికి సెటిలింగ్ పాండ్ ఉండాలి. పాండ్ పూడిపోతే బురద నేరుగా వాగులో కలుస్తుంది. బయటికి వదిలే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మడ్డి ఉండకూడదని బొగ్గు గనుల నిబంధన. మే నెలలోనే సర్పంచ్‌ను వెంటబెట్టుకుని పూడిక తీశారో లేదో చూడండి, మొదటి పెద్దవానకు వీడియో తీయండి. మనవి గొలుసుకట్టు చెరువులు, పై కుంట పూడితే ఆ బురద అలుగు దూకి కింది చెరువుకు పోతుంది, అందుకే కింది ఊరివాళ్లను కూడా కలుపుకోండి.

ప్రశ్న: గని వైపు నుంచి వచ్చే మా వాగు అంచులు నారింజ రంగుకు తిరిగాయి. కాచి తాగితే పర్వాలేదా? బర్రెలు అవే తాగుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి, మంచిర్యాల జిల్లా

జవాబు: కాచినా తాగకండమ్మా. కాచితే క్రిములు చస్తాయి గానీ గని నీళ్లలో ఉండే సల్ఫేట్ అనే లవణం పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. బొగ్గులోనూ దాని పక్క రాళ్లలోనూ పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉండవచ్చు. దానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుడుతుంది, గంధకం సల్ఫేట్‌గా మారుతుంది, ఇనుము కరిగి తర్వాత తుప్పులా పేరుకుంటుంది. మామూలు ఇనుప నీళ్లకూ ఆ రంగు వస్తుంది కాబట్టి పరీక్ష చేయించాల్సిందే. శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి, చోటు, తేదీ రాసి అదే రోజు గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు ఇవ్వండి. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం ఎంతో చెప్పే కొలత), ఇనుము, సల్ఫేట్ చూడమని అడగండి. తాగునీటిలో పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 400 వరకు. సల్ఫేట్ ఎక్కువైతే మనుషులకూ పశువులకూ విరేచనాలవుతాయి. రిపోర్టు వచ్చేదాకా బర్రెలకు బోరు నీళ్లే పెట్టండి.

ప్రశ్న: పాత గ్రానైట్ క్వారీ గుంతలో నీళ్లు తేటగా ఉన్నాయి, వాడుకోవచ్చా? - కరీంనగర్ పాఠకుడు

జవాబు: పరీక్ష చేయించకుండా తాగడానికి వద్దు, పొలానికి పారించుకోవచ్చు. నిట్టనిలువు అంచులు, ఎంత లోతో తెలియదు, పిల్లల్ని ఈతకు అస్సలు పోనివ్వకండి. పక్కనే కటింగ్ యూనిట్ల రాతిపిండి బురద ఆ గుంతలో గానీ చెరువులో గానీ పోస్తున్నారేమో చూడండి. అది ఎండి గడ్డకట్టి నీళ్లు భూమిలోకి ఇంకనివ్వదు. టిప్పర్ నంబరు కనిపించేలా ఫొటో తీసి తహసీల్దార్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి.