పికప్ వెనుక డ్రమ్ములు తీసి డిస్కు బ్రేకులు వేయించవచ్చా?

పలమనేరు నుంచి చెన్నైకి టమోటా తోలే మీ బొలెరో పికప్‌కు మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు సరిగా అందడం లేదని, వెనుక డ్రమ్ముల స్థానంలో డిస్కులు వేస్తే బాగుపడుతుందని మెకానిక్ చెప్పారని రాశారు. అదే దారిలో చాలా ఏళ్లు లోడు పికప్ నడిపి, ఇదే ఆలోచన చేసి, చివరకు డ్రమ్ములనే ఉంచుకున్నవాడిగా చెబుతున్నాను: డిస్కుల మాట పక్కన పెట్టి, ముందు ఆ డ్రమ్ములు విప్పించి చూడండి.

బ్రేకు అందకపోవడంలో రకాలున్నాయి. ఘాట్‌లో సగం దిగాక పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే, వేడికి బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరిందని అనుమానించాలి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చు. డాట్ 4కు ఈ హద్దులు 230, 155. అందుకే కంపెనీ పుస్తకం అనుమతించిన ఆయిల్‌ను రెండేళ్లకొకసారైనా మార్పించాలి. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే డ్రమ్ముకు లోపల రాసుకునే లైనర్లు వేడెక్కి పట్టు కోల్పోయినట్టు. మొదటిసారి నొక్కితే లోతుకు పోయి, వెంటనే రెండోసారి నొక్కితే పైన అందితే, ఆ లైనర్లు అతికించి ఉండే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగినట్టు. వీటిలో ఏ ఒక్కదానికీ డిస్కులు వేయించాల్సిన పని లేదు.

మా బండి డ్రమ్ములు విప్పించినప్పుడు ఎడమ వైపు లైనరు నల్లగా, జిడ్డుగా కనిపించింది. యాక్సిల్ ఆయిల్ సీల్ పోయి గేరాయిల్ షూల మీదికి కారుతోంది. సందును సరిచేసే పళ్ల చక్రం తుప్పుతో బిగుసుకుపోయి వేలితో తిప్పితే కదలలేదు. సీలు, లైనర్లు, షూలను నెట్టే వీల్ సిలిండర్లు రెండు వైపులా మార్పించి, పళ్ల చక్రం శుభ్రం చేయించి, డ్రమ్ములు లేత్ మీద పట్టించి, బ్రేకు గొట్టాల్లో గాలి తీయించాక బండి తీరే మారిపోయింది. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చుపోసి ఉంటుంది. లేత్ పని అయ్యాక అది దాటితే ఆ డ్రమ్మును వాడకూడదు.

చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. చాలా పికప్‌లలో వెనుక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీతో కలిపిన లోడు వాల్వు ఉంటుంది. లోడుకు ఛాసిస్ కిందికి దిగినకొద్దీ అది వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని వదులుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తుంది. ఎక్కువ బరువు వేయడానికి మనవాళ్లు కమాను స్ప్రింగుకు అదనపు పట్టీ వేయిస్తారు. అప్పుడు లోడులో కూడా ఛాసిస్ ఎత్తుగానే నిలబడుతుంది, బండి ఖాళీగా ఉందన్నట్టే ఆ వాల్వు పని చేస్తుంది, వెనుక బ్రేకులు తక్కువ బలంతోనే పట్టి భారమంతా ముందు డిస్కుల మీద పడుతుంది. మీ బండికి పట్టీ వేయించి ఉంటే ముందు ఈ కడ్డీ అమరికనే చూపించండి.

ఇక మార్పిడి విషయం. డ్రమ్ములో ముందు షూను తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడికే గట్టిగా పడుతుంది. డిస్కును రెండు వైపులా నొక్కే క్యాలిపర్‌కు ఆ సాయం లేదు. దానికి ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ ఆయిల్ కావాలి. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌నూ లోడు వాల్వునూ దానికి తగ్గట్టు లెక్క కట్టి మార్చకుండా చక్రాల దగ్గర మాత్రమే మారిస్తే, వెనుక బ్రేకు చాలకపోవచ్చు, లేదా ఖాళీ బండితో తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా లాకై బండి అడ్డం తిరగవచ్చు. హ్యాండ్ బ్రేకుకు కూడా వేరే ఏర్పాటు కావాలి. లోడుతో ఎత్తు మీద నిలిపే బండికి అది చిన్న విషయం కాదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన రూపాన్ని మార్చడంపై ఆంక్షలు పెట్టింది. ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడూ, ప్రమాదం జరిగి బీమా అడిగినప్పుడూ ఇది ప్రశ్నగా మారుతుంది. అమెరికాలో పాత ట్రక్కులకు డిస్కు కిట్లు అమ్ముతారన్నది నిజమే, అయితే అక్కడ కూడా టొయోటా టకోమాకు 2023 మోడల్ వరకు వెనుక డ్రమ్ములే ఉండేవి. మీ మోడల్‌కు సరిపోయే వెనుక యాక్సిల్, మాస్టర్ సిలిండర్, హ్యాండ్ బ్రేకు మొత్తం కంపెనీయే ఒక సెట్టుగా ఇచ్చి, ఆర్టీఏ అనుమతి కూడా దొరికితే అప్పుడు ఆలోచించవచ్చు.

డ్రమ్ముల పని పూర్తయ్యాక ముందు ఖాళీ బండితో, తరువాత లోడుతో సమతలంగా ఉన్న, రద్దీ లేని రోడ్డు మీద ఆపి చూడండి. ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో ఆ గేరులోనే దిగండి, న్యూట్రల్ మాత్రం వేయవద్దు. చెన్నై చేరాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడిని పోల్చండి. ఒక వైపు చక్రం రెండో వైపుకన్నా బాగా వేడిగానో చల్లగానో ఉంటే, తిరుగు ప్రయాణానికి ముందే ఆ చక్రం బ్రేకు మళ్లీ విప్పించాలి.