రీ: వెండి నానోవైర్ల ఫిల్మ్‌లో కరెంటు పోవట్లేదు
చేతికి చుట్టుకునే సెన్సారు కోసం పెట్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద వెండి నానోవైర్లు (కంటికి కనపడనంత సన్నటి తీగలు) పూస్తే మల్టీమీటర్ మెగాఓమ్‌లు, అంటే విపరీతమైన నిరోధం, చూపిస్తోంది అన్నారు కదా, వైర్లు తక్కువై కాకపోవచ్చండీ, తయారీలో వాడే పీవీపీ అనే పాలిమర్ ఒక్కో తీగకీ చుట్టుకుని ఉంటుంది, అది ఇన్సులేటర్, అందుకే తీగలు ఒకదానిమీద ఒకటి పడ్డచోట కరెంటు సరిగ్గా దాటదు. ఇంకో కోటింగ్ మాత్రం వేసేయకండి, పారదర్శకత పోతుంది. ముందు ఆ పీవీపీ పోయేలా ఇథనాల్‌తో మెల్లగా కడిగి, ఆరాక తీగలు ఒకదానికొకటి బాగా తగిలేలా రెండు నున్నటి గాజు పలకల మధ్య గట్టిగా నొక్కండి. వేడి చేస్తే జాగ్రత్త, పెట్ 80 డిగ్రీలు దాటాక మెత్తబడటం మొదలవుతుంది.

ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్, కరెంటు పోయే పారదర్శక పూత) షీటుకి మారదామా అన్నారు. వద్దు. అది పెళుసు, మీ సెన్సారేమో చేతికి చుట్టుకునేది.

అంతా కుదిరాక పైన పల్చగా పెడాట్ పీఎస్ఎస్ (కరెంటు పోయే పాలిమర్) పూయండి, మామూలుది ఆమ్లంగా ఉండి వెండిని పాడుచేస్తుంది, తటస్థ పీహెచ్ ఉన్నదే తీసుకోండి. ఈ పూత లేకపోతే గాలిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది, అసలే మీ ల్యాబ్ బెంగళూరులో మురుగు చేరే బెళ్లందూరు చెరువు పక్కనాయె.