అరకు చూసిరా, పొలం మాత్రం కొండ కింద చూసుకో

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అరకు ఫోటోలు చూశాను. వలిసె పూలు విరగబూసినప్పుడు ఆ లోయ చూస్తే అక్కడో ఎకరం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అక్కడ భూమి కొనడానికి "దారి ఉంది సార్" అన్న ఆ బ్రోకరు చేతిలో అడ్వాన్సు పెట్టేముందు ఇది చదువు.

అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ, పాడేరు అన్నీ షెడ్యూల్డ్ ప్రాంతమే, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద విడిగా గుర్తించిన ప్రాంతం. అక్కడ గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారదు. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ని 1970లో బిగించారు. 1/70 చట్టం అని నువ్వూ వినే ఉంటావు. అమ్మకం, కౌలు, తాకట్టు, దానం ఏదీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాదు, పాత షావుకారే కదా అంటాడు నీ బ్రోకరు. అదీ చెల్లదు. పైగా అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది నువ్వే.

ఇక ఆయన చెప్పే దారులు నాకు తెలిసినవే. గిరిజనుడి పేరున కొనడం, తొంభై తొమ్మిదేళ్ల లీజు, లేదంటే నోటరీ అగ్రిమెంటు. స్టాంపు పేపరు, ఎర్ర సీలు, సాక్షుల వేలిముద్రలు, అన్నీ ఉంటాయి. చూస్తే దస్తావేజే అనిపిస్తుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గడప మాత్రం తొక్కి ఉండదు. రేపు కేసు పడితే డబ్బూ పోతుంది, కట్టిన గదీ పోతుంది. అడవి భూమి సాగు చేసుకునే గిరిజనులకిచ్చే పోడు పట్టా చూపించినా అంతే. అది పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు.

ఇదేం చట్టం అని చిరాకు పడకు. షావుకార్లు అప్పులిచ్చి భూములు రాయించుకుంటుంటే, ఆపడానికి 1917లోనే ఏజెన్సీకి, అంటే ఈ గిరిజన కొండ ప్రాంతాలకి, విడిగా చట్టం చేయాల్సి వచ్చింది. నన్నడిగితే ఇది లేకపోతే నువ్వు ఫోటో తీసిన చేను ఈపాటికి ఏ రిసార్టు పార్కింగో అయ్యేది. ఏటా వెళ్లు, నాలుగు రోజులుండు, కాఫీ, మిరియాలు పండించినవాళ్ల దగ్గరే కొనుక్కో.

సాగు మీద నిజంగా మనసుంటే కొండ దిగి శృంగవరపుకోట వైపు చూడు. నువ్వు చూసే గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదని తహసీల్దారు ఆఫీసులో ముందే తేల్చుకో. జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితేనే బేరం మాట్లాడు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), దేవస్థానం మాన్యం అంటే లేచి వచ్చేయ్. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేదని చూసుకో. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుదారుల రికార్డు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాలు) తీయించు. ఆస్తి తాతలనాటిదైతే అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండాలి. మీ అన్నయ్య అమెరికా నుంచి డబ్బు పంపి తన పేరున కూడా కొందామంటున్నాడట. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదని చెప్పు.

కాగితాలు లాయరు చూస్తాడు. దారి, నీళ్లు నువ్వే చూడాలి. రోడ్డు నుంచి పొలం దాకా నడువు. మధ్యలో ఎవరి గట్టు మీద అడుగేశావో అడుగు. "ఎప్పట్నుంచో ఇలాగే వెళ్తున్నాం" అంటారు. ఎఫ్ఎంబీలో, అంటే సర్వేవాళ్ల పొలం కొలతల పటంలో, బండి దారి గీసి ఉందో లేదో చూడు. లేకపోతే నువ్వు కంచె వేసిన మర్నాడే పక్కవాడు నీ దారి మూస్తాడు. కాపు చేతికొచ్చాక ట్రాక్టరు లోపలికెళ్లే దారి లేక, బస్తాలు నెత్తిన మోయించినవాళ్లని చూశాను.

నీళ్ల సంగతి మే నెలలో తెలుస్తుంది. బావిలోకి తాడు వదిలి ఎన్ని మూరల నీరుందో చూడు. మోటారు గంటసేపు ఆడించి, మళ్లీ ఎంతసేపటికి ఊరుతుందో అక్కడే కూర్చుని చూడు. వానాకాలంలో గెడ్డ (వాగు) ఎక్కడిదాకా పొంగుతుందో మాత్రం అమ్మేవాడినడక్కు. ఆ గట్టున పశువులు కాసేవాళ్లు చెప్తారు, చెట్టు మొదలు చూపించి మరీ.

మండల సర్వేయరుతో కొలిపించాకే రేటు ఖాయం చెయ్యి. మేలో సెలవు పెట్టుకుని రా, మీ అత్తయ్య కూడా అడుగుతోంది. సర్వే నంబర్లు ముందుగా వాట్సాప్ చేస్తే ఈసీలు నేను తీయించి ఉంచుతాను.

మీ మావయ్య