చీటీలో గ్యాస్, కథలో గేసు

ఒకే నగరంలో ఉండే వేర్వేరు సామాజిక వర్గాలవాళ్లు అచ్చులు పలికే తీరులో తేడా ఉంటుందంటారు, దాన్ని నిజంగా కొలవగలమా అని ఒకరు అడిగారు.

కొలవగలం. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో ఒక వేసవంతా నేను చేసిన పని అదే. కానీ వర్గానికీ వర్గానికీ మధ్య తేడా కొలిచే ముందు ఒకే మనిషి నోట్లో ఎంత తేడా ఉందో చూడాలి. అది చూడకుండా గీసిన గ్రాఫును నేను నమ్మను.

నేను పట్టుకున్న అచ్చు గ్యాస్, బ్యాంక్, ఫ్యాన్ లాంటి మాటల్లోది. కోస్తావాళ్లు 'వచ్చాడు' అన్నప్పుడు మధ్యలో వినిపించేదీ దాదాపు అదే. మన లిపిలో దానికి అక్షరం లేదు. అందుకే ఒకరు వచ్చాడు అని రాస్తే ఇంకొకరు వచ్చేడు అని రాస్తారు. మొదట ఆ మాటతోనే మొదలుపెడదామనుకున్నాను. తెలంగాణలో 'వచ్చిండు' అంటారు, అక్కడ ఆ అచ్చే రాదు. ఇక దేన్ని దేనితో పోల్చాలి? అందరి నోటా ఆడే మాట కావాలి కాబట్టి గ్యాస్‌ను ఎంచుకున్నాను.

కూకట్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానిది శ్రీకాకుళం వైపు. వాచ్‌మన్ భార్య ఏడో తరగతి దాకా చదివింది. అక్కా, నీ మాటలు రికార్డు చేసుకుంటాను, సరేనా అని అడిగి ఒక మధ్యాహ్నం సెల్లార్‌లో వాళ్ల గదిలో కూర్చున్నాను. పక్కనే నీళ్ల మోటారు ఆడుతోంది, అది ఆగేదాకా ఆగాం. చీటీల మీద రాసిన మాటలు ఒక్కొక్కటే చూపించాను. చీర సర్దుకుని, గొంతు సవరించుకుని, బడిలో అయ్యవారికి అప్పజెప్పినట్టు చదివింది. 'గ్యాస్', 'బ్యాంక్', అన్నీ నోరు బాగా తెరిచి.

తర్వాత చీటీలు పక్కన పెట్టి, "ఎప్పుడైనా ఇక చచ్చిపోతామేమో అనిపించిందా అక్కా?" అని అడిగాను. ఇది నా సొంత ప్రశ్న కాదు. న్యూయార్క్‌లో విలియం లబోవ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త వాడినది. ప్రాణం మీదికొచ్చిన సంగతి చెప్పేటప్పుడు మనిషికి తన మాట మీద ధ్యాస ఉండదు. కాసేపు నేల వైపు చూసి మొదలుపెట్టింది: "అర్ధరాత్రి లేచీసరికి గదంతా గేసు వాసనమ్మా. పక్కలో పిల్లడున్నాడు. లైటెయ్యకు, లైటెయ్యకు అని అరిసీసినాను..." చెబుతుంటే చేతులు వణికాయి. ఆ కథ పొడుగునా 'గేసు' తప్ప 'గ్యాస్' ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికొచ్చి కొలిచాను. ప్రాట్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో బోయెర్స్మా, వేనింక్ అనే ఇద్దరు తయారుచేశారు. నోట్లో శబ్దం ఏ పౌనఃపున్యాల దగ్గర గట్టిగా మోగుతుందో అది అంకెల్లో చెబుతుంది. వాటిలో మనకు కావలసినవి ఎఫ్1, ఎఫ్2 అనే రెండు. నోరు తెరిచేకొద్దీ ఎఫ్1 పెరుగుతుంది, నాలుక ముందుకొచ్చేకొద్దీ ఎఫ్2 పెరుగుతుంది. అచ్చు నడిమధ్యలో కొలవాలి, లేకపోతే ముందున్న 'య' వచ్చి కలిసిపోతుంది. చీటీ చదివినప్పుడు ఆమె ఎఫ్1 దాదాపు 800 హెర్ట్జ్, కథలో 550 దగ్గర. మనిషి ఒకరే, మాట ఒకటే, మధ్యలో గడిచింది పావుగంట.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఆడవాళ్ల అంకెల్నీ మగవాళ్ల అంకెల్నీ నేరుగా పక్కపక్కన పెడతారు. 1952లో పీటర్సన్, బార్నీ అనే పరిశోధకులు అమెరికాలో 76 మంది గొంతులు కొలిచారు. 'బ్యాట్' తరహా అచ్చుకు ఎఫ్1 సగటు మగవాళ్లలో 660, ఆడవాళ్లలో 860. ఆ తేడా చాలావరకు గొంతు నుంచి పెదాల దాకా ఉన్న గొట్టం పొడవు వల్ల వచ్చేదే, హోదా వల్ల కాదు. అందుకే ఒక్కో మనిషి అంకెల్లోంచి ఆ మనిషి సగటునే తీసేసి, ఆ అంకెలు సగటు నుంచి ఎంత అటూఇటూ చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనంతో భాగించాలి. 1971లో లోబనోవ్ అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతి ఇది. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో ఈ పని చేద్దామనుకునేవాళ్లు దయచేసి మానుకోండి, ఆ కంప్రెషన్‌లో అంకెలు చెడిపోతాయి.

ఇక ఆ 'సామాజిక వర్గం' అనే మాట. తెలుగులో అది వినగానే అందరికీ కులమే గుర్తొస్తుంది, సర్వే ఫారాల్లో కూడా అదే గడి పెడతారు. హైదరాబాద్‌లో అచ్చుకు సంబంధించినంతవరకు అంతకంటే ముందు అడగాల్సినవి ఏ జిల్లా నుంచి వచ్చారు, వచ్చి ఎన్నేళ్లయింది, ఏ మీడియంలో చదివారు అన్నవి. ఇంకొకటి, ఎవరి ముందు మాట్లాడుతున్నారు. చీటీ చదివేటప్పుడు ఎందుకంత జాగ్రత్తపడ్డావని అక్కని అడిగితే, "మా ఊరి మాటాడితే పైనోళ్లు నవ్వుతారమ్మా" అంది. శ్రీకాకుళం మాటని పనివాళ్ల పాత్రలకీ కామెడీకీ అంటగట్టిన సినిమాలూ టీవీ స్కిట్లూ చూసి పెరిగినవాళ్లే ఆ పైనోళ్లు. నాకు ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

లబోవ్ 1966లో అచ్చేసిన న్యూయార్క్ పరిశోధనలోనూ ఇలాంటిదే బయటపడింది. ఆయన అచ్చుల్ని కూడా చూశారు, కానీ నేను చెప్పేది 'కార్' లాంటి మాటల చివర అక్కడ చాలామంది వదిలేసే 'ర్' శబ్దం సంగతి. మాటల పట్టిక చదివించినప్పుడు దిగువ మధ్యతరగతివాళ్లు తమకంటే పైవాళ్లను కూడా మించి దాన్ని పలికారు. అంటే పట్టికలో మనం కొలిచేది ఇంటి మాటని కాదు, బడి భయాన్ని.

మా మూడో అంతస్తులో రిటైరైన అంకుల్ ఒకరున్నారు, విశాఖపట్నం ఆయన. నాతో గంటసేపు 'బ్యాంక్' అనే అన్నారు. నేను రికార్డర్ ఆపి టీ తాగుతుండగా తమ్ముడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "రేపు బేంకుకెళ్తాన్రా" అన్నారు. మీరు ఈ పని చేసేటట్టయితే ముందే అనుమతి అడిగి, టీ కప్పులు కడిగేదాకా రికార్డర్ ఆన్‌లోనే ఉంచండి.