‘రికవరీ’ అని రాసే ముందు

తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. ప్రమాదంలో గాయపడి, అప్పుల్లో కూరుకుపోయి, మళ్ళీ నిలదొక్కుకున్న మనిషి గురించి మనసు పెట్టి రాశావు. అయితే అందులో ఆపరేషన్ తర్వాత జరిగిందీ రికవరీయే, అప్పిచ్చినవాళ్ళు చేసిందీ రికవరీయే, పోయిన ఫోన్ దొరికినా రికవరీయే. అవి మూడు వేర్వేరు పనులు, మూడింటికీ తెలుగులో వేర్వేరు క్రియలున్నాయి.

ఈ మాటకు మూలం లాటిన్. అక్కడ ‘రెకుపెరారె’ అంటే పోయినదాన్ని మళ్ళీ దక్కించుకోవడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. పైకి ‘కవర్’ కనిపిస్తున్నా, కప్పడానికీ దీనికీ చుట్టరికం లేదు. కాబట్టి ఈ మాట ఎదురైన ప్రతిచోటా రెండు సంగతులు తేల్చుకో: వెనక్కి వచ్చింది ఏమిటి, ఎవరికి వచ్చింది? ఈ రెండూ తేలితే క్రియ దానంతటదే నోటికొస్తుంది.

ఇంగ్లీషులో రోగికీ, అప్పిచ్చినవాడికీ ఒకే క్రియ సరిపోతుంది. మనకు సరిపోదు. రోగి కోలుకుంటాడు. ఆ పని అతనిలోనే జరుగుతుంది, అందుకే ‘కోలుకొను’కు కర్మ అతకదు. ‘వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని కోలుకున్నాడు’ అన్న నీ వాక్యం అక్కడే తడబడింది. ‘నష్టం నుంచి కోలుకున్నాడు’ అను, లేదా ‘నష్టాన్ని పూడ్చుకున్నాడు’ అను. అలాగే మనిషి కోలుకుంటాడు, జబ్బు నయమవుతుంది. ఈ రెండింటినీ తారుమారు చేయకు.

ఆసుపత్రి సన్నివేశం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ‘ఆపరేషన్ అయిన గంటకే రికవరీ అయ్యాడు’ అని రాశావు. గంటలో జరిగింది మత్తు దిగడం, స్పృహలోకి రావడం. రికవరీ రూమ్ అనే పేరు చూసి పొరబడి ఉంటావు. మత్తు దిగేదాకా ఊపిరి, నాడి, రక్తపోటు, నొప్పి కనిపెట్టి చూసే గది అది. తొడ ఎముక విరిగినవాడు అక్కణ్ణుంచి వార్డుకు రావాలి, ఇంటికి వెళ్ళాలి, ఎముక అతుక్కోవాలి, నడక మళ్ళీ అలవాటు కావాలి. వీటికి వారాలూ నెలలూ పడతాయి. కోలుకోవడమంటే ఆ కాలమంతా. డిశ్చార్జి కూడా కోలుకోవడం కాదు. మూర్ఛ నుంచో, దిగ్భ్రాంతి నుంచో మనిషి తేరుకుంటాడు. అది నిమిషాల్లోనూ జరగొచ్చు. దుఃఖానికి రెండూ వాడతాం, కానీ తేడా ఉంది: కబురు విన్న క్షణం నుంచి తేరుకుంటారు, లోటు నుంచి కోలుకుంటారు.

ప్రథమ చికిత్సలో ‘రికవరీ పొజిషన్’ను ‘కోలుకునే భంగిమ’ అని అనువదించావు. చదివినవాడికి ఏం చేయాలో తెలియదు. స్పృహ తప్పినా ఊపిరి ఆడుతున్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం అది. వెల్లకిలా ఉంటే నాలుక వెనక్కి జారి గానీ, వాంతి గొంతులోకి పోయి గానీ ఊపిరికి అడ్డుపడవచ్చు. ‘పక్కకు తిప్పి పడుకోబెట్టారు’ అంటే చాలు. ఊపిరే ఆడకపోతే చేయాల్సింది ఛాతీ మీద నొక్కుతూ చేసే సీపీఆర్, ఇది కాదు.

ఇక డబ్బు. ‘ఇంటికి రికవరీ వాళ్ళొచ్చారు’ అంటే వైద్యులు వచ్చారని ఎవరూ అనుకోరు. అక్కడ ఆ మాటకు భయం అంటుకుని ఉంది, దాన్ని అలాగే ఉంచు. మామూలుగా కట్టించుకుంటే వసూలు, తిప్పలు పడి తెచ్చుకుంటే రాబట్టడం. పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతాన్ని ఆఫీసు రికవరీ చేస్తే ఉద్యోగికి అది కోత. ఎవరి పక్కన నిలబడి రాస్తున్నావో అతని మాటే వాడు. పోలీసులు నగలు స్వాధీనం చేసుకుంటారు, సొంతదారుకు అవి తిరిగి దక్కుతాయి. నీటిలో మునిగినవాడి దేహాన్ని మాత్రం ‘వెలికితీశారు’ అని రాయి. ఆ ఇంటివాళ్ళు చదివే వాక్యంలో ‘స్వాధీనం’ కటువుగా ఉంటుంది.

ధరలూ, అమ్మకాలూ పుంజుకుంటాయి. ఇక్కడ లెక్కలోనే పొరపాటు జరుగుతుంది. 100 ఉన్నది 20 శాతం పడితే 80. ఆ 80 మీద 20 శాతం పెరిగితే 96 మాత్రమే. పాత స్థాయికి రావాలంటే 25 శాతం పెరగాలి. సగానికి సగం పడితే రెట్టింపు కావాలి. ‘పడినంత శాతం పెరిగింది, పూర్తిగా కోలుకుంది’ అన్న నీ ఏడో పేరా కొట్టెయ్యి.

కొన్నిచోట్ల రికవరీని కదిలించకపోవడమే మంచిది. డేటా రికవరీ అందరికీ తెలిసిన మాట. దాన్ని సంస్కృతంలోకి మార్చే కన్నా ఆ పని ఎలా జరుగుతుందో చెప్పు. హార్డ్ డిస్కులో ఫైలు డిలీట్ చేస్తే సాధారణంగా దాని చిరునామా మాత్రమే చెరిగిపోతుంది. ఆ చోట కొత్తది రాయనంతవరకు పాతది తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే వెంటనే ఆ డిస్కు వాడకం ఆపాలి. చక్కెర మిల్లులోనూ అదే మాట: 100 కిలోల చెరకు నుంచి 10 కిలోల చక్కెర వస్తే రికవరీ 10 శాతం.

చివరిగా, నీ కథానాయకుడి తాగుడు సంగతి. ‘వ్యసనం నుంచి కోలుకున్నాడు’ అని ముగించావు. మానేసి ఏళ్ళు గడిచినా చాలామంది తమను కోలుకుంటున్నవాళ్ళుగానే చెప్పుకుంటారు, ఎందుకంటే మళ్ళీ జారే ప్రమాదం వాళ్ళకు తెలుసు. ఆ వాక్యంలో ‘కోలుకున్నాడు’ను ‘కోలుకుంటున్నాడు’ చేసి, వ్యాసం మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య